ఊరు పేరు లేని నాణెం

పోయిన ఎండాకాలం నంద్యాల నుంచి ఒక పెద్దమనిషి సున్నిపెంటకు వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. శ్రీశైలంలో మల్లన్న దర్శనం చేసుకుని దిగి వస్తూ, నాకు పాత నాణేల మీద ఆసక్తి ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడట. సంచిలోంచి లావాటి ఆల్బమ్ తీసి, ఒళ్లో పెట్టుకుని, ఒక్కో పుటా తిప్పాడు. ఇరవై ఏళ్లుగా ఆయన ఒకే వరస నాణేలు కొంటున్నాడు. వేదికలు, చితులు. అవి తప్ప ఇంకేవీ ముట్టుకోడు. ఇరాన్ ససానియన్ రాజుల వెండి నాణేల మీద మండే అగ్నివేదిక, దానికి అటూ ఇటూ కావలి మనుషులు. కుషాణుల రాగి నాణెం మీద చిన్న వేదికలో ఏదో వేస్తూ నిలబడ్డ రాజు. రోమన్ నాణెం మీద పూలదండలు చుట్టిన అంతస్తుల చితి. ఆఖరి పుటలో సీసపు నాణేలు నాలుగు. వాటి మీద మూడు వంపుల గుట్టలాంటి గుర్తు. కింద చీటీ మీద ‘వేదిక, శాతవాహన’ అని అందమైన అక్షరాలతో రాసుకున్నాడు.

“ఇవెక్కడ దొరికినాయండీ?” అని అడిగాను.

“కర్నూలు సైడు సరుకు సార్. అంతవరకే తెలుసు. మాబోటివాళ్లం కొనకపోయుంటే ఈపాటికి ఏ కంసాలి కుంపట్లోనో కరిగిపోయేవి.”

ఆయన చెడ్డవాడు కాదు. తన జీతంలో మిగిల్చుకుని కొన్నాడు, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. నా తగువు ఆయన చివర అన్న మాటతో. ఆ మాట ఆయనొక్కడిదే కాదు. హైదరాబాద్ నాణేల ప్రదర్శనల్లో, వేలంపాటల్లో, పత్రికల్లో సేకర్తల మీద వచ్చే ప్రశంసా వ్యాసాల్లో అదే వినిపిస్తుంది: సేకర్త చరిత్రను కాపాడుతున్నాడు, నాణెం మీది బొమ్మే దాని చరిత్ర, ఎక్కడ దొరికిందో ఎవరిక్కావాలి. ఈ మాట తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. సున్నిపెంటలో ఉండి దీన్ని వింటూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ముందు కుంపటి సంగతి. బంగారు నాణెం విషయంలో ఆ మాటలో కొంత నిజముంది. పొలం దున్నుతుంటే బయటపడ్డ బంగారం ఎంతో కరిగి ముక్కుపుడకలూ కమ్మలూ అయింది. అయితే ఆ ఆల్బమ్‌లో ఆయన చూపించినవి సీసపు నాణేలు. సీసాన్ని ఏ కంసాలి కరిగిస్తాడు? మహా అయితే ఒకటీ అరా వల అంచుకు కట్టే గుండ్లలో కలిసిపోయి ఉంటుంది. పద్దెనిమిది వందల ఏళ్లపాటు ఆ సీసాన్ని కాపాడింది నేల. దాన్ని నేలలోంచి లాగింది ధర. ధర పెట్టింది కొనేవాడు. సీసపు బిళ్లకు వెయ్యి రూపాయలు వస్తాయని తెలిశాకే మెటల్ డిటెక్టర్ పట్టుకుని గట్ల వెంట తిరిగేవాడు పుట్టాడు. కరిగిపోవలసిన దాన్ని కొని కాపాడామంటున్నారు. నేలలో చల్లగా పడి ఉన్నదాన్ని కొనుగోలే తవ్వించిందని ఎందుకు ఒప్పుకోరు?

కాపాడటం మాత్రం సరిగ్గా జరుగుతోందా? సీసం చాలా సున్నితమైన లోహం. అట్టపెట్టెల నుంచి, చెక్క బీరువాల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి అది తెల్లగా పొడిబారి రాలిపోతుంది. చవక ఆల్బమ్‌ల పీవీసీ జేబులు ఏళ్లు గడిచేకొద్దీ జిగురు వదిలి లోహాన్ని తింటాయి. ఆ నాలుగు నాణేల్లో రెండింటి అంచులు అప్పటికే సున్నం రాసినట్టున్నాయి. ఆయన దాన్ని పాతదనపు గుర్తు అనుకుంటున్నాడు.

ఇక అసలు వాదం: బొమ్మే చరిత్ర అన్నది. వేదికలూ చితులూ ఏరుకునేవాళ్లకే ఈ వాదం అందరికన్నా ఎక్కువగా ఎదురుతిరుగుతుంది.

ఆ మూడు వంపుల గుర్తునే తీసుకోండి. 1908లో నాణేల పండితుడు రాప్సన్ బ్రిటిష్ మ్యూజియంలోని ఆంధ్ర, క్షత్రప నాణేలకు పట్టిక తయారుచేసినప్పుడు దాన్ని ‘చైత్యం’ అన్నాడు. చైత్యం అనే మాట చితి నుంచి పుట్టింది. పేర్చినది చితి. శవాన్ని కాల్చేందుకు కట్టెలు పేర్చినా చితే, యజ్ఞానికి ఇటుకలు పేర్చినా చితే. ఒక్క మాటలో శ్మశానమూ యాగశాలా రెండూ ఉన్నాయి. అందుకే ఆ గుర్తు ఒకరికి స్తూపమైంది, ఇంకొకరికి వేదికైంది, నంద్యాల పెద్దమనిషి ఆల్బమ్‌లో చితుల పక్కన చోటు సంపాదించుకుంది. ఇంతా చేసి నిఘంటువు చెప్పిన సాక్ష్యమే తప్ప నేల చెప్పిన సాక్ష్యం అందులో లేదు.

నేల సాక్ష్యం వేరే చెబుతోంది. శాతవాహనులకన్నా ముందటి, ముద్రలు గుద్దిన విద్ధాంక నాణేల మీద ఇదే వంపుల గుర్తు నెత్తిన నెమలి నిలబడి ఉంటుంది. ఒక్కోసారి కుక్కో కుందేలో నిలబడి ఉంటుంది. స్తూపం నెత్తిన కుక్కను నిలబెట్టే బౌద్ధుడు ఎక్కడైనా ఉంటాడా? యాగవేదిక మీద కుందేలును నిలబెడతారా? శాతవాహన నాణేల్లో ఆ గుర్తు కింద వంకర గీత ఒకటి పారుతుంటుంది, ఏరులాగా. వీటన్నిటినీ కలిపి చూసిన పండితులు ఎక్కువమంది ఇప్పుడు దాన్ని కొండ అంటున్నారు. నల్లమలలో ఉండేవాడిగా నాకు ఆ మాట ఇంపుగానే ఉంది, కానీ నా ఇంపు సాక్ష్యం కాదు. ఏ గుర్తు ముందు వచ్చింది, ఏది వెనక వచ్చింది, ఏ గుర్తు దేని పక్కన ఉంది అన్నది తేల్చింది కుండల్లో కలిసి దొరికిన నాణేల గుంపులు. అమరావతి కుండలోని ఏడు వేలకు పైగా వెండి విద్ధాంక నాణేలను పరమేశ్వరీలాల్ గుప్తా ఒక్కొక్కటీ చూసి 1963లో పుస్తకం వేయగలిగాడంటే, ఆ కుండను ఎవరూ పంచుకుని అమ్ముకోలేదు కాబట్టే. అదే కుండలోంచి నెమలి ఉన్న నాణేలను ఒకడు, చెట్టు ఉన్నవాటిని ఒకడు, ‘వేదిక’ ఉన్నవాటిని ఇంకొకడు ఏరుకుపోయి ఉంటే ఆ పుస్తకం పుట్టేదే కాదు. బొమ్మను బట్టి ఏరుకోవడమంటే సరిగ్గా అదే పని చేయడం. ఒకే కుండలో ఒకే రోజు పూడ్చిన నాణేలను విడదీసి, ఎన్నడూ కలవని నాణేలను ఒక పుటలో కూర్చోబెట్టడం.

గధియా (గాడిద) పైసా అనే నాణేల కథ ఈ సంగతిని ఇంకా స్పష్టంగా చెబుతుంది. అయిదో శతాబ్దంలో ఇరాన్ రాజు పీరోజు హూణుల చేతిలో ఓడి, పట్టుబడి, విడుదల కోసం వెండి ధారపోశాడు. ఆ వెండి నాణేల మీద ముందు రాజు తల, బొరుసు వైపు అగ్నివేదిక. హూణుల వెంట అవి మన దేశానికి వచ్చాయి. గుజరాత్, రాజస్థాన్, మాళవ ప్రాంతాల్లో వాటికి నకళ్లు కొట్టారు, నకళ్లకు నకళ్లు కొట్టారు. వందల ఏళ్లు అలా జరిగాక రాజు ముఖం రెండు మూడు గీతలైంది, అగ్నివేదిక చుక్కల కుప్పయింది. ఆ నాణేలు వాడుకున్న జనానికి అది వేదికని తెలియదు. అందుకే గాడిదగా మారమని శాపం తగిలిన గంధర్వసేనుడి కథను వాటికి ముడిపెట్టుకున్నారు. ఆ చుక్కల కుప్ప ఒకప్పుడు ఇరాన్ అగ్నివేదిక అని మనం ఇవాళ చెప్పగలుగుతున్నామంటే కారణం, ఏ ఊళ్లో ఏ కుండలో ఏ మెట్టు నాణేలు దొరికాయో రాసిపెట్టి, వాటిని వరసలో పేర్చినవాళ్లు. ఒక్క నాణెం చేతిలో పెట్టుకుని ఎంతసేపు చూసినా అందులో వేదిక కనబడదు.

రోమన్ చితి సంగతీ అంతే. 161లో చక్రవర్తి ఆంటోనినస్ పయస్ చనిపోతే ఆయన దేవుడయ్యాడని చాటుతూ వేసిన నాణేల మీద నాలుగంతస్తుల చితి, దాని శిఖరాన రథం ఉంటాయి. సేకర్తలు ఈ రకానికి మంచి ధర పెడతారు, ‘చక్రవర్తి దహనం’ అని చీటీ రాసుకుంటారు. సెప్టిమియస్ సెవెరస్ పేరున కూడా ఇలాంటి చితి నాణేలున్నాయి. ఆయన 211లో బ్రిటన్‌లోని యార్క్‌లో పోయాడు. దేహాన్ని అక్కడే కాల్చి అస్థికలు రోముకు తెచ్చారు. రోములో అంతస్తుల చితి పేర్చి కాల్చింది ఆయన మైనపు బొమ్మను. ఆ కాలంలోనే ఉన్న హెరోడియన్ అనే చరిత్రకారుడు ఈ తంతు అంతా రాశాడు. అంటే నాణెం మీద కనిపించే చితి శవాన్ని కాల్చిన చితి కాదు. నాణెం మీది బొమ్మను మాత్రమే చూసినవాడికి ఇది ఈ జన్మలో తెలియదు.

అవే రోమన్ నాణేలు మన నేల మీదికి వచ్చాక ఇంకో బతుకు బతికాయి. నంద్యాలలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కర్నూలు జిల్లా బస్తిపాడులో దొరికాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లెలో వెండివి పదిహేను వందలకు పైగా ఒక్కచోట దొరికాయి. దక్కనులో దొరికిన బంగారు నాణేలకు చాలావాటికి చిల్లులున్నాయి, కొక్కేలున్నాయి. కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంది. ఎవరి మెడలోనో అవి నగలయ్యాయి. మారకం నుంచి తప్పించడానికేనేమో, ఎవరో వాటికి గాటు పెట్టారు. ఇదంతా రోము చరిత్ర కాదు, మనది. గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేల మీద పుస్తకం రాయగలిగాడంటే మ్యూజియం రిజిస్టర్లో ఒక్కో నాణెం ఎదుట ఒక ఊరి పేరు ఉండబట్టే. ఊరి పేరు చెరిగిపోతే నంద్యాల నాణేనికీ లండన్ అంగట్లో దొరికే నాణేనికీ తేడా ఏమిటి?

నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వినప్పుడు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి అశ్వమేధ స్థలం బయటపడింది. ఇటుక కట్టడాలు, అవభృథ స్నానం చేసిన కొలను. చనిపోయినవాళ్ల కోసం నిలబెట్టిన ఛాయాస్తంభాలూ అదే లోయలో దొరికాయి. ఇక్ష్వాకుల సీసపు నాణేలు చూడండి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. వేదిక లేదు, చితి లేదు. అంత పెద్ద యాగం చేసిన వంశం తన నాణెం మీద యాగవేదికను వేయలేదు. చచ్చిపోయినవాళ్లను స్తంభాల మీద చెక్కి నిలబెట్టిన జనం చితిని నాణెం మీదికి ఎక్కించలేదు. రోమన్లు ఎక్కించారు. ఇది ఎంత పెద్ద విషయం! వేదికల నాణేలు ఏరుకునే ఆల్బమ్‌లో ఈ సంగతికి చోటే లేదు. ఏనుగు నాణెం ఆయనకు పనికిరాదు, పక్కకు తోసేస్తాడు. ఆ నాణేన్నీ ఆ యాగస్థలాన్నీ ఒకే కథలో కలిపింది ఒకటే, రెండూ ఒకే లోయలో దొరికాయని రాసిపెట్టిన కాగితం.

ఇప్పుడు మా సున్నిపెంట సంగతి చెప్పాలి. ఈ ఊరే ప్రాజెక్టు కాలనీ. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్ట కోసం అడవిలో వెలిసింది. ఆనకట్ట వెనక 885 అడుగుల దాకా నీళ్లు నిలిస్తే వందకు పైగా ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లతో పాటు రెండు వేల ఏళ్ల నాటి మట్టిదిబ్బలూ మునిగాయి. మునిగేలోపు కొన్నింటినైనా తవ్వారు. ఆత్మకూరు తాలూకా వీరాపురాన్ని హైదరాబాద్‌లోని బిర్లా పురావస్తు సంస్థవాళ్లు తవ్వి 1984లో నివేదిక వేశారు. తుంగభద్ర గట్టున శాతానికోటను కేంద్ర పురావస్తు శాఖ 1977 నుంచి 1980 దాకా తవ్వింది. వీరాపురంలో శాతవాహనుల నాణేలు, మహారథుల నాణేలు, ఇక్ష్వాకుల నాణేలు ఏ పొరలో ఏవి ఉన్నాయో నమోదయ్యాయి. అందుకే ఇక్కడ మహారథులు అనే స్థానిక పాలకులు ఉండేవారని, వాళ్లు తమ నాణేలు తాము వేసుకున్నారని మనకు తెలిసింది. తవ్వనివి ఎన్నో నీళ్ల కింద ఉన్నాయి. ఏటా వేసవిలో నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి తేలినట్టే ఆ దిబ్బలూ తేలతాయి. అలలు గట్టును కోసుకుపోతే కుండపెంకులు, పూసలు, నాణేలు పైకి వస్తాయి. ‘కర్నూలు సైడు సరుకు’ అంటే ఇదే.

ఆ ఊళ్ల జనం పట్టాలు పోగొట్టుకుని, పరిహారం కోసం ఏళ్లూ పూళ్లూ తిరిగి, చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. మీదే ఊరంటే ఇప్పటికీ మునిగిన ఊరి పేరే చెప్పే ముసలివాళ్లు ఈ చుట్టుపక్కల ఉన్నారు. వాళ్ల ఊరి దిబ్బలోంచి వచ్చిన నాణేనికి కూడా ఊరి పేరు లేకుండా చేస్తున్నారే అన్నది నా బాధ.

సేకర్తలు ఇక్కడ కోటిలింగాలను అడ్డం పెడతారు. గోదావరి గట్టున ఆ ఊళ్లో నేల మీద దొరికిన నాణేలను ముందు ఏరింది సర్కారు కాదు కదా, స్థానికులే కదా అంటారు. నిజమే, ఆ నాణేలు పరబ్రహ్మశాస్త్రి గారిలాంటి పండితుల చేతికి చేరాకే గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లు చరిత్రకెక్కాయి. సిముకుడివిగా గుర్తించిన నాణేలూ అక్కడివే. శాతవాహనుల పుట్టుక గురించిన చర్చే ఆ నాణేలతో మలుపు తిరిగింది. ఆ ఉదాహరణ నా పక్షాన ఉంది. ఆ నాణేలకు అంత బలం వచ్చింది అవి కోటిలింగాలవి అని తెలియడం వల్ల. అవే నాణేలు ‘కరీంనగర్ సైడు సరుకు’ అని వేలంలో తేలి ఉంటే, చదవడానికి వచ్చే నాలుగు అక్షరాలు మిగిలేవి, అంతే. ఏరుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఎక్కడ ఏరుకున్నావో మరచిపోవడాన్ని, మరచిపోవడమే మేలనుకునే అంగడిని తప్పుపడుతున్నాను.

ఆ అంగడికి ఊరి పేరు ఎందుకు వద్దో అందరికీ తెలుసు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన వస్తువును దేశం దాటించకూడదంటుంది. ఊరి పేరు చెబితే విచారణ వస్తుంది. చట్టంలో లోపముందన్నది నేనూ ఒప్పుకుంటాను. సర్కారు నిధిని తీసుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇస్తానంటుంది. బంగారానికైతే అది డబ్బే. సీసానికి? చేతిలో సీసపు నాణెం పట్టుకుని తహశీల్దారు కార్యాలయం మెట్లెక్కిన జాలరికి రోజు కూలి పోవడం, సవాలక్ష ప్రశ్నలు ఎదురవడం తప్ప వచ్చేది లేదు. అతను దళారి దగ్గరికి పోతే అతన్ని తిట్టలేను. బ్రిటన్‌లో 1997 నుంచి దొరికినవాటిని దొరికినవాళ్లే వచ్చి నమోదు చేయించుకునే పద్ధతి పెట్టారు. చాలావరకు వస్తువు వాళ్లకే తిరిగి ఇస్తారు, చోటు మాత్రం రాసుకుంటారు. అలా పది లక్షలకు పైగా వస్తువుల చోటు నమోదైంది. మన దగ్గర అలాంటిది కావాలని సేకర్తల సంఘాలు ఎందుకు అడగవు? మ్యూజియాలు మూలబడ్డాయని, పెట్టెలు చెదలు పట్టాయని దెప్పిపొడవడానికి ముందుంటారు. చెదపట్టిన రిజిస్టర్లోనైనా ఊరి పేరు ఉంటుంది. వాళ్ల నిగనిగలాడే ఆల్బమ్‌లో లేదు.

మా శ్రీశైలంలోనే ఘంటామఠం జీర్ణోద్ధరణ చేస్తుంటే గోడల్లోంచి రాగిరేకులు, పాత నాణేలు బయటపడ్డాయి. అధికారుల ఎదుట లెక్కపెట్టి పంచనామా రాశారు. రాగిరేకులను లిపి నిపుణులు చదివారు. ఆ పనివాళ్లలో ఒక్కడు గుప్పెడు నాణేలు జేబులో వేసుకుపోయి ఉంటే అవి ఘంటామఠం నాణేలు అయ్యేవి కావు, పాత వెండి అయ్యేవి.

ఊరు పేరు అడగని అంగట్లో నకిలీ కూడా సుఖంగా బతుకుతుంది. ఈస్టిండియా కంపెనీ పేరు వేసి, 1818 అని కొట్టి, రాముడి పట్టాభిషేకం బొమ్మ అచ్చువేసిన బిళ్లలు మన ఊళ్లలో ఎన్ని ఇళ్ల దేవుడి గూళ్లలో ఉన్నాయో లెక్కలేదు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. బియ్యపు గింజలను లాగే రాగి నాణెమని ‘రైస్ పుల్లింగ్’ పేరుతో లక్షలు గుంజిన మోసాలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. కొనేవాడు ఏ బొమ్మ కోరితే ఆ బొమ్మ పోతపోసి ఇచ్చేవాడు ఉంటాడు. వేదిక కావాలంటే వేదిక, చితి కావాలంటే చితి. ఫలానా దిబ్బ, ఫలానా గుంట, ఫలానా ఏడు అని చెప్పగలిగిన నాణేన్ని నకిలీ చేయడం కష్టం.

ఇదంతా ఆ రోజు ఆ పెద్దమనిషికి చెప్పాను, ఇంత వరసగా కాదు గానీ చెప్పాను. ఆయన మధ్యలో లేచిపోలేదు, మర్యాదగా విన్నాడు. ఆల్బమ్ ఆఖరి పుట తీసి సీసపు నాణెం ఒకటి నా అరచేతిలో పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. నేను పేర్లు చెబుతూ పోయాను. ఆత్మకూరు వైపా? నందికొట్కూరు వైపా? సంగమేశ్వరం దగ్గరా? అవతలి ఒడ్డున కొల్లాపురమా? ఆలంపురమా? అమ్మినవాడు వలవేసేవాడా, మేకలు కాసేవాడా? నీళ్లు దిగినప్పుడా, గట్టు కూలినప్పుడా? వాటితో పాటు ఇంకేమైనా దొరికాయా?

ప్రతిదానికీ ఆయన తల అడ్డంగా ఊపాడు. చీటీ తిప్పి చూశాడు, వెనక వైపు ఖాళీగా ఉంది. జేబులోంచి పెన్ను తీసి, కాసేపు పట్టుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.